తల్లి మరిచింది, బిడ్డ మరవలేదు: ప్రహ్లాదుని కథ బొమ్మల సినిమా దాకా

ఈసారి రాత కొంచెం పొడుగు. తీరిక చేసుకొని, వీలైతే ఇంట్లో పిల్లకాయలకు కూడా చదివి వినిపించండి.

2025 జులై 25న ‘మహావతార్ నరసింహ’ అనే బొమ్మల సినిమా వచ్చింది. మనుషులు నటించిన సినిమా కాదు, అంతా యానిమేషన్. దర్శకుడు అశ్విన్ కుమార్. క్లీమ్ ప్రొడక్షన్స్ వాళ్ళు తీస్తే బెంగళూరు హొంబళె ఫిల్మ్స్ వాళ్ళు సమర్పించినారు. తెలుగులో గీతా ఆర్ట్స్ విడుదల చేసింది. పెద్ద హీరో ముఖం ఒక్కటి కూడా లేదు. అయినా మన దేశంలో అంతకు ముందు వచ్చిన బొమ్మల సినిమాలన్నిటినీ వసూళ్ళలో దాటేసింది. అవ్వాతాతలు, మనవలు, మనవరాళ్ళు కలిసి పోయి చూసినారు.

చూసి వచ్చినాక కొందరు “పిల్లకాయలకు మన పురాణం తెలిసింది, చాలు” అన్నారు. ఇంకొందరు “కొట్లాట ఎక్కువ, భక్తి తక్కువ” అన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. మాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. ఈ కథ మన దాకా ఏ దారిన వచ్చింది? ఏ భాషలో వచ్చింది? మన పిల్లకాయలు దాన్ని ఇప్పుడు ఏ భాషలో విన్నారు? బర్గూరులో ఉండే తెలుగువాళ్ళకు ఇది చిన్న ప్రశ్న కాదు.

ముందు కథలో ఒక సంగతి చూద్దాం. స్తంభం పగలడం, గోళ్ళతో చీల్చడం అందరికీ గుర్తుంటాయి. భాగవతం ఏడో స్కంధంలో అంతకంటే ముఖ్యమైన ముచ్చట ఇంకొకటి ఉంది. హిరణ్యకశిపుడు తపస్సుకు పోయినప్పుడు ఇంద్రుడు వచ్చి నిండు చూలాలైన ఆయన భార్యను పట్టుకొని పోతాడు. నారదుడు అడ్డం పడి, విడిపించి, తన ఆశ్రమంలో పెట్టుకొంటాడు. భర్త తిరిగి వచ్చేదాకా ఆమెకు ధర్మం, భక్తి బోధిస్తాడు. కడుపులో బిడ్డ కూడా వింటాడు. పెద్దయినాక ప్రహ్లాదుడు తోటి పిల్లలకు ఈ సంగతి చెప్తూ ఒక మాట అంటాడు. చాలా కాలం గడిచింది కాబట్టి మా అమ్మ ఆ బోధను మరిచిపోయింది, నేను మరవలేదు, అని.

తల్లి మరిచింది, బిడ్డ మరవలేదు. ఈ మాట మనసులో పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

సంస్కృత భాగవతంలో ఆ తల్లి పేరు కయాధువు. మన నాటకాల్లో, సినిమాల్లో లీలావతి. బమ్మెర పోతన 15వ శతాబ్దంలో భాగవతం తెలుగు చేసినాక ప్రహ్లాద చరిత్ర మనవాళ్ళ నోళ్ళలో నిలిచిపోయింది. చదువు రానివాళ్ళు కూడా ఆ పద్యాలు చెప్పేవాళ్ళు. పురాణం చదివే ఒక్కాయన ఊళ్ళో ఉంటే చాలు, ఊరంతా వినేది. అంటే ఈ కథ కంటితో చదివినవాళ్ళకంటే చెవితో విన్నవాళ్ళ దగ్గరే ఎక్కువ బ్రతికింది.

బొమ్మగా కూడా ఇది కొత్తది కాదు. మన జిల్లా 2004 దాకా ధర్మపురిలో భాగం. ఆ ధర్మపురి పక్కన ఏలిన అదియమాన్ వంశంవాళ్ళు 8వ శతాబ్దంలో నామక్కల్ కొండను తొలిచి నరసింహస్వామి గుడి కట్టించినారు. గుహ గోడమీద స్వామి హిరణ్యుణ్ణి చీల్చే బొమ్మ ఉంది. కదలని రాయిలో కదిలే పని చెక్కినారు. ఆ శిల్పి చేసిన పనే ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలు చేస్తున్నారు అనుకోవచ్చు.

ఇక తమిళనాట తెలుగులో ఈ కథ ఎట్ల నిలిచిందో చూద్దాం. తంజావూరు నాయకరాజుల్లో అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఊళ్ళు ఇచ్చి నిలిపినాడు. అట్లా నిలిచిన ఊరు మెలట్టూరు. అక్కడ వేంకటరామశాస్త్రి భాగవత మేళం కోసం తెలుగు నాటకాలు రాసినాడు. వాటిలో ‘ప్రహ్లాద చరిత్రము’ ఒకటి. ఇప్పటికీ నరసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ గుడి ముందు ఆ నాటకం ఆడతారు. ఆడవాళ్ళ వేషాలు కూడా మగవాళ్ళే కడతారు. నరసింహుని ముఖానికి పూజ చేస్తారు. ఆ వేషం కట్టేవాడు ఉపవాసం ఉంటాడు. ఊరు తమిళ ఊరు, చూసేవాళ్ళది తమిళం, నాటకం మాత్రం తెలుగు. వాళ్ళకు మాట మాటకూ అర్థం తెలియకపోవచ్చు. అయినా భాష మార్చలేదు. మార్చితే స్వామి రాడు అన్నంత పట్టుదల.

దాని పక్కనే తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767-1847) ‘ప్రహ్లాద భక్తి విజయము’ అనే గేయనాటకం రాసినాడు. అది కూడా తెలుగే. అందులో విశేషం ఏమంటే హిరణ్యకశిపుని చావు లేదు. నాగపాశాలతో కట్టి సముద్రంలో పారేసిన బిడ్డ దగ్గర కథ మొదలవుతుంది. సముద్రుడు ఆ బిడ్డను ఆదరిస్తాడు. ఆ తర్వాత అంతా బిడ్డ పిలుపు, స్వామి రాక. రక్తం లేదు, గోళ్ళు లేవు. ఇప్పుడు “కొట్లాట ఎక్కువ” అని బాధపడేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఈ కథను చంపడం చూపించకుండా కూడా చెప్పవచ్చునని త్యాగరాజు ఎప్పుడో చూపించినాడు.

తమిళంలో కూడా ఈ కథకు పెద్ద పీట ఉంది. వాల్మీకి రామాయణంలో లేని హిరణ్యవధను కంబన్ తన రామాయణంలో పెట్టినాడు. విభీషణుడు అన్న రావణునికి బుద్ధి చెప్తూ ఈ కథ చెప్తాడు. “తూణిలుం ఇరుప్పాన్, తురుంబిలుం ఇరుప్పాన్” అని తమిళంలో సామెత ఉంది. స్తంభంలోనూ ఉంటాడు, గడ్డిపోచలోనూ ఉంటాడు అని అర్థం. తమిళ మీడియంలో చదివిన మా తరానికి ఆ మాట కూడా పోతన మాట మాదిరే సొంతం.

అదే తమిళంలో కథను తిరగేసి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. 1934లో భారతిదాసన్ ‘ఇరణియన్ అల్లదు ఇణైయట్ర వీరన్’ అనే నాటకం రాసినాడు. పెరియార్ అధ్యక్షతన అది ఆడినారు. అందులో హిరణ్యుడు రాక్షసుడు కాదు. ఈ నేల రాజు, సాటిలేని వీరుడు. కొడుకును మోసపు మాటలతో తండ్రిమీదికి తిప్పినారని కథ. మనలో చాలామందికి ఇది నచ్చదు. నచ్చకపోయినా అందులో ఉన్న ప్రశ్న తెలియాలి. రాక్షసుడు అని ఎవరిని అంటున్నాం? ఆ పేరు పెట్టేది ఎవరు?

బొమ్మల సినిమాలకు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది. సినిమాలో నటుడు రాక్షస వేషం కట్టినా లోపల మనిషి కనపడతాడు. బొమ్మలో అట్ల కాదు. గీసేవాడు ఎట్ల గీస్తే అట్లే. రాక్షసులంటే నల్లగా, కోరలతో, కొండంత ఒళ్ళుతో గీసే అలవాటు చాలా కాలంగా ఉంది. దేవతలు మాత్రం తెల్లగా, నున్నగా ఉంటారు. మనమంతా ఎండలో పనిచేసే జనం. మన బిడ్డ ఆ బొమ్మలు చూసి తన చెయ్యి రంగు చూసుకొంటే ఏమనుకొంటుంది?

ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట చెప్పి తీరాలి. ప్రహ్లాదుడు కూడా రాక్షసుల బిడ్డే. పుట్టుక అదే, ఇల్లు అదే, రక్తం అదే. ఆయన కొడుకు విరోచనుడు, మనవడు బలిచక్రవర్తి. ఆ బలి కోసమే ఈ రోజుకూ కేరళవాళ్ళు ఓణం చేసుకొంటారు. కాబట్టి ఈ కథ పుట్టుకను బట్టి మనిషిని కొలవదు. స్వామి వచ్చింది దేవతల ఇంటికి కాదు, రాక్షసుల ఇంటి గడపకు. పిల్లకాయలకు ఈ ముక్క చెప్పకపోతే బొమ్మ చెప్పిందే వాళ్ళకు సత్యం అయిపోతుంది.

ఇక మాట్లాడే సినిమా సంగతి. 1931లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ను తమిళంవాళ్ళు తమ మొదటి టాకీ అంటారు. అందులో టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడితే ఎదుటివాళ్ళు తెలుగు మాట్లాడినారు. మన ఇళ్ళలో మాదిరే! మరుసటి ఏడు 1932 ఫిబ్రవరి 6న అదే హెచ్.ఎం. రెడ్డి పూర్తి తెలుగులో తీసిన మొదటి టాకీ విడుదలైంది. అది ఏ కథ? ‘భక్త ప్రహ్లాద’. సురభి నాటకాలవాళ్ళు అందులో నటించినారు. లీలావతి వేషం సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. తెలుగు సినిమా నోరు తెరిచి మాట్లాడిన మొదటి కథ ఒక పసిబిడ్డ కథ అన్నమాట. తమిళంలో 1939లో ‘ప్రహలాద’ వచ్చింది. టి.ఆర్. మహాలింగం ప్రహ్లాదుడు, ఎం.జి.ఆర్. ఇంద్రుడు.

మన తరానికి గుర్తుండేది 1967 ‘భక్త ప్రహ్లాద’. మదరాసులో ఏ.వి.ఎం. వాళ్ళు తీసినారు, దర్శకుడు చిత్రపు నారాయణరావు. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, రోజారమణి ప్రహ్లాదుడు, బాలమురళీకృష్ణ నారదుడు. చండామార్కులుగా రేలంగి, పద్మనాభం నవ్వించినారు. సరిహద్దు ఊళ్ళ టెంటు కొట్టాయిల్లో నేలమీద కూర్చొని చూసినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. రంగారావు గొప్పతనం ఏమంటే ఆ హిరణ్యుడు కొడుకును ముద్దుచేసే తండ్రి కూడా. ఆ ప్రేమే కోపంగా మారుతుంటే చూసేవాళ్ళకు భయమూ వేసేది, జాలీ వేసేది. రాక్షసునిలో తండ్రిని చూపించినారు. అంజలీదేవి భర్తకూ బిడ్డకూ మధ్య నలిగిపోయే తల్లిని చూపించింది. ఇంట్లో అట్ల నలిగిన తల్లులు కొట్టాయిలో కళ్ళు తుడుచుకొన్నారు.

ఇప్పుడు బొమ్మల సినిమాల వరుస చూద్దాం. జపాన్ యూగో సాకో, మన రామ్ మోహన్ కలిసి తీసిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1990ల మొదట్లో తయారైంది. అది 2025 జనవరిలో తెలుగు, తమిళ మాటలతో మళ్ళీ మన హాళ్ళకు వచ్చింది. 2005లో హిందీ ‘హనుమాన్’. 2006లో తెలుగులో మొదటి పూర్తి బొమ్మల సినిమా ‘కిట్టు’, ఒక కోతిపిల్ల కథ. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. 2008లో సింగీతం శ్రీనివాసరావు ‘ఘటోత్కచ్’ తీసినాడు. 1957 ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర పనిచేసినాయనే ఆయన. అదే 2008లో హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ళ ‘ఛోటా భీమ్’ టీవీలో మొదలైంది. మన మనవలు ఛోటా భీమ్‌ను చూస్తూ అన్నం తిన్నవాళ్ళే.

ఈ వరుస చివర ‘మహావతార్ నరసింహ’. ముందు వరాహావతారం, హిరణ్యాక్షుని కథ, తర్వాత ప్రహ్లాదుడు. పాత సినిమాలకూ దీనికీ తేడా ఏమిటి? మొదటిది, యుద్ధం పెద్దది అయింది. నటుడు చెయ్యలేనిది బొమ్మ చెయ్యగలదు కాబట్టి చేయించినారు. పిల్లకాయలకు అదే ఇష్టం కూడా. రెండోది, హోలిక. ప్రహ్లాదుణ్ణి ఒడిలో పెట్టుకొని మంటలో కూర్చొన్న మేనత్త కథ ఉత్తరాదిన హోలీ పండగకు మూలం. భాగవతంలో బిడ్డను నిప్పులో వేసినారని ఉంది గాని హోలిక పేరు లేదు. మన దిక్కున ఆ పున్నమికి చెప్పుకొనేది మన్మథుణ్ణి శివుడు కాల్చిన కథ. కాముని పున్నమి అంటాం. దేశమంతటికీ ఒకే సినిమా తీస్తే ఒక దిక్కు కథ ఇంకొక దిక్కుకు వస్తుంది. రావడం తప్పు కాదు. వచ్చినది ఎక్కడిదో, మన ఇంట్లో ఏముండేదో బిడ్డకు తెలియకుండా పోతేనే నష్టం.

మూడో తేడా భాష. సినిమా ఒకేసారి తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందీల్లో వచ్చింది. పాత సినిమాలో రంగారావు గొంతు తెలుగు గొంతు. బొమ్మకు సొంత గొంతు లేదు. ఏ భాష పెడితే ఆ భాష పలుకుతుంది. ఒకే నరసింహుడు ఐదు భాషల్లో గర్జిస్తాడు. అంటే ఏ భాషలో వినాలనేది ఇప్పుడు తీసినవాళ్ళ చేతిలో లేదు, చూసే మన చేతిలో ఉంది.

ఇక్కడే అసలు సంగతి. మేము రైల్వేలో పనిచేసినవాళ్ళం కాబట్టి ఈ లెక్కలో చెప్తాం. జోలార్‌పేట నుంచి బెంగళూరు పోయే లైనులో పచ్చూరు దాకా స్టేషన్ బోర్డు మీద తమిళం ఉంటుంది. దాని తర్వాత మల్లానూరు, కుప్పం వస్తే బోర్డు మీద తెలుగు. ఇంకా ముందుకు పోతే కన్నడం. బోర్డు మారుతుంది గాని ప్లాట్‌ఫారం మీద మాట అంత తొందరగా మారదు. ఈ పక్కా ఆ పక్కా మన తెలుగే వినిపిస్తుంది. హిరణ్యుడు లోపలా బయటా కాని చోట, పగలూ రాత్రీ కాని వేళ చచ్చినాడు. ఆ చోటు గడప. మన బర్గూరు కూడా అట్లాంటి గడపే.

గడపమీద ఉండేవాళ్ళ ఇబ్బంది ఏమంటే, మాట ఒక పక్క, రాత ఒక పక్క. మా తరం తమిళ మీడియంలో చదివింది. తమిళం మాకు అన్నం పెట్టింది, ఉద్యోగం ఇచ్చింది, కంబన్‌ను ఇచ్చింది. మా పంతుళ్ళు చండామార్కులు కారు. ఎవరైనా ఈ రాతను తమిళానికి వ్యతిరేకంగా వాడితే మేము ఒప్పుకోము. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. 1వ తరగతి మొదలుకొని ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కు 10వ తరగతికి వచ్చింది. కోర్టులు మధ్యలో భాషా అల్పసంఖ్యాకులకు మినహాయింపులు ఇచ్చినాయి. ఆ వాదం కోర్టుల్లో నడవనీ. బడిలో తమిళం నేర్చుకోవడం మంచిదే. ఇంట్లో ఏం జరుగుతోంది అన్నది మాత్రం ఏ చట్టమూ చెప్పదు, ఏ కోర్టూ చూడదు.

ఇంట్లో ఏం జరుగుతోంది? అవ్వ తెలుగులో అడుగుతుంది, మనవడు తమిళంలో జవాబు చెప్తాడు. వానికి తెలుగు అర్థం అవుతుంది, నోటికి రాదు. వాని బిడ్డకు అర్థం కూడా కాదు. భాగవతంలో తల్లి మరిచింది, బిడ్డ మరవలేదు. మన ఇండ్లలో అది తిరగబడింది. తల్లికి గుర్తుంది, బిడ్డ మరిచిపోతున్నాడు.

బిడ్డను తప్పు పట్టకండి. ప్రహ్లాదునికి ఎట్ల గుర్తుంది? నారదుడు విడవకుండా చెప్పినాడు, ఆయన విన్నాడు. మనం చెప్పకుండా వాడు ఎట్ల వింటాడు? మెలట్టూరువాళ్ళు తెలుగు నాటకాన్ని ఇన్ని తరాలు తమిళ ఊళ్ళో కాపాడినారు. వాళ్ళ దగ్గర తెలుగు బడి లేదు, తెలుగు బోర్డు లేదు. ఏటా ఒక రాత్రి ఉంది, అంతే. ఆ రాత్రి తప్పించలేదు.

అందుకే సంఘానికి మా మనవి. పెద్ద ఖర్చులు అడగడం లేదు.

ఒకటి, ఇంట్లో ఏ బొమ్మల సినిమా పెట్టినా తెలుగు మాటలు ఉంటే తెలుగు పెట్టండి. అక్షరం రాకపోయినా చెవికి పని పడుతుంది. తమిళంలో చూడాలని బిడ్డ అడిగితే రెండోసారి తమిళంలో చూడనియ్యండి. కొట్లాట వద్దు.

రెండు, సినిమా పెట్టి మీరు ఫోన్ చూస్తూ కూర్చోకండి. నడుమ ఆపండి. “ఇది మన అవ్వ వేరేగా చెప్పేది” అని చెప్పండి. హోలిక వచ్చినప్పుడు కాముని పున్నమి చెప్పండి. రాక్షసుని బొమ్మ వచ్చినప్పుడు ప్రహ్లాదుడూ ఆ ఇంటి బిడ్డే అని చెప్పండి. సినిమా కథ చెప్తుంది. మన ఇంటి కథ సినిమా చెప్పలేదు.

మూడు, వైశాఖ శుద్ధ చతుర్దశి నరసింహ జయంతి. ఆ సాయంత్రం సంఘం తరఫున పిల్లకాయలను కూర్చోబెట్టి ప్రహ్లాదుని కథ తెలుగులో చెప్పిద్దాం. చెప్పేది పండితులు కాదు, మన అవ్వలు. మన యాసలోనే, బర్గూరు తెలుగులోనే చెప్పమందాం. పక్కన ఒక పిల్లవాడు తమిళంలో గాని, ఇంగ్లీషులో గాని, చేతనైన అక్షరాల్లో రాసుకోనీ. తమిళనాట ఎన్నో తెలుగు పాటలు తమిళ అక్షరాల్లోనే రాసుకొని ఇన్నాళ్ళు పాడుతున్నారు. అక్షరం తర్వాత నేర్పవచ్చు. మాట పోతే ఏ అక్షరానికీ పని ఉండదు.

ఎవరింట్లో అవ్వ కథ చెప్పడానికి ఒప్పుకొంటుందో ఈ రాత కింద తెలపండి. పేర్లు రాసుకొంటాం. 80 దాటినవాళ్ళను ముందు అడుగుదాం. వాళ్ళ దగ్గర ఉన్నది ఏ సినిమాలోనూ దొరకదు.